అందరికీ ఒకే అంకె

సాయంత్రం నాలుగు దాటేసరికి, రేవు మెట్ల పైన ఒంటివేడి చూసే తాపద్వారం పదకొండోసారి కూసింది. దాని కాపలాలో ఉన్న నూకరత్నం విసుగ్గా తలెత్తింది. ఎర్రదీపం కింద ఒక పడుచు రొప్పుతూ నిలబడి ఉంది.

"తొంభై తొమ్మిది పాయింట్ ఒకటి. జ్వరం. మూడు రోజులు విడిగది," అంది ద్వారం.

"జ్వరమేటండీ నా మొహం! ఎండలో వల లాగి, అన్ని మెట్లూ ఎక్కొచ్చాను," అందా పిల్ల.

నిజమే. పొద్దున్న చల్లగా ఉన్న ఒళ్లు సాయంత్రానికి కాస్త వేడెక్కుతుంది. కష్టపడితే ఇంకాస్త. ఈ మాటే, నీళ్లమీద తేలే ఈ తేలుపట్నం ఆరోగ్యమండలికి నూకరత్నం నాలుగుసార్లు రాసింది. నాలుగుసార్లూ ఒకటే జవాబు: తొంభై ఎనిమిది పాయింట్ ఆరు దాటితే జ్వరమే. విడిగదుల్లో అప్పటికే పదిమంది తలుపులు బాదుతున్నారు.

అంతలో అప్పయ్యమ్మ తన భర్తను నడిపించుకుంటూ వచ్చింది. సింహాద్రికి డెబ్బై తొమ్మిదేళ్లు. ఊళ్లో అందరికీ ఉన్నట్టే మెడమీద అతికించి ఉన్న, ఒంటివేడి రాసుకునే మేనిచుక్కను చదివి ద్వారం పచ్చదీపం వెలిగించింది.

"తొంభై ఎనిమిది పాయింట్ ఆరు. సంపూర్ణ ఆరోగ్యం."

"ఏం ఆరోగ్యమమ్మా! పొద్దుట్నించీ గంజి ముట్టలేదు. ఒణికిపోతన్నాడు. నన్ను చూసి ఎవరు నువ్వంటన్నాడు. ఎర్రదీపం పడితేనే గానీ వైద్యపడవ రాదంట!" అంది అప్పయ్యమ్మ.

నూకరత్నం ఆయన మేనిచుక్కలో పాత అంకెలు తిరగేసింది. మూడేళ్లలో ఒక్కసారి కూడా తొంభై ఆరున్నర దాటలేదు. ఆ ఒంటికి ఇది రెండు డిగ్రీల పెరుగుదల.

"ఈయనకి ఎర్రదీపం వెయ్యి."

"నియమం ఒప్పుకోదు."

"ఈయన మామూలు వేడే తక్కువ!"

"మామూలు వేడి అందరికీ ఒక్కటే," అంది ద్వారం.

నూకరత్నానికి చిర్రెత్తుకొచ్చింది. నియమాలు మార్చే తాళం ఆమె దగ్గరే ఉంటుంది. అనుమతి లేకుండా తిప్పితే ఉద్యోగం పోతుంది. తిప్పేసింది. ఆ ఒక్క అంకెనూ చెరిపి, ఎవరి వేడిని వాళ్ల మామూలు వేడితోనే, అదీ అదే పూట వేడితోనే పోల్చమని రాసింది.

సింహాద్రి మీద ఎర్రదీపం పడింది. రేవులో వైద్యపడవ కదిలింది. పడుచు రుసరుసలాడుతూ వెళ్లిపోయింది. పది విడిగదుల్లో తొమ్మిది తెరుచుకున్నాయి. ఒకటి మాత్రం మూసే ఉంది.

నిమిషం తిరక్కుండా ద్వారంలోంచి మండలి అధికారి గొంతు ఖంగుమంది. "ఏం చేశావమ్మా? బాగున్నారని ఇళ్లకి పంపేసిన ముసలివాళ్లు ఇరవై ఆరుగురికి ఎర్రగా చూపిస్తోంది. ముందు ఆ పాత అంకె పెట్టెయ్!"

"పెట్టనండి. ముందు వాళ్ల దగ్గరికి పడవలు పంపండి."

"ఉన్నవి మూడే పడవలు!"

"అయితే ఇంకా నాతో మాట్లాడుతూ కూర్చున్నారేంటండీ?"