రామాంజి మామ నాలిక

మధ్యాహ్నం అన్నం తిని జయరామప్ప బెల్లం మూటల సందులో పండుకున్నాడు. గురక మొదలైంది. అది మామూలు గురక కాదు. ఆ గురకకు దూలానికి వేలాడే తక్కెడ తనంతట తానే ఊగుతుంది. కాటన్‌పేట వీధిలో పోయే ఆటోవాళ్లు వెనక లారీ వస్తాండాదేమో అని పక్కకు జరుగుతారు.

ఆశ ఈ గురక కోసమే కాచుకోనుండాది.

ఆశ జయరామప్పకు మనవరాలు. పదేండ్ల పిల్ల. కరోనా వచ్చి బడి మూసేసినారు. క్లాసులు పొద్దున్నే ఫోన్లో అయిపోతాయి. ఇంక మిగతా పొద్దంతా తాత బెల్లం అంగట్లోనే.

గురక బాగా ముదిరినాక ఆశ స్టీలు పళ్లెం తీసింది. దాంట్లో మండ్య బెల్లం ముక్కలు ఒక పక్క, చిత్తూరు బెల్లం ముక్కలు ఒక పక్క పరిచింది. తీసుకపోయి అంగడి ముందర తాడు దగ్గర స్టూలు మీద పెట్టింది.

"పాపా, తాత వద్దన్నాడు గదా," అన్నాడు రామాంజి. అంగట్లో బెల్లం అచ్చులు పగలగొట్టి తూచి ఇచ్చేది ఆయనే.

"తాత నిద్రపోతాండాడు గదా మామా," అనింది ఆశ.

ఈ తాడు సంగతి చెప్పాల. లాక్‌డౌన్ ఎత్తేసి అంగళ్లు తెరవమన్న పొద్దే తాత వాకిట్లో అడ్డంగా కొబ్బరితాడు కట్టినాడు. వచ్చినోళ్లు తాడవతలే నిలబడాల, మాస్కు తియ్యకూడదు, రుచి చూసేది లేదు అని చెప్పేసినాడు.

మొదటి రెండూ సరే. మూడోదే ఆశకు మింగుడు పడలేదు. రుచి చూడకుండా బెల్లం ఎవరు కొంటారు? ముత్తాత కాలం నుంచీ వాళ్ల అంగట్లో ఒకటే పద్ధతి. గిరాకీ వస్తే ముందు చేతిలో ముక్క పెట్టాల. ఆయన నోట్లో వేసుకోవాల. కండ్లు మూసుకొని తల ఊపాల. ఆ తర్వాతే బేరం.

ఎదురంగట్లో ఇప్పుడు గూడా ముక్క ఇస్తాండారు. గిరాకీలంతా ఆ పక్కకే పోతాండారు. "మనమేమన్నా పిరికోళ్లమా తాతా?" అని ఆశ అడిగింది. తాత తాడు ముడి ఇంకోసారి బిగించినాడు. అందుకే ఈ పళ్లెం.

ఇంక రామాంజి మామ నాలిక సంగతి.

ఆ నాలిక మీద చిటికెడు బెల్లం పడితే చాలు, ఏ ఊరి చెరుకో చెప్పేస్తాది. ఊరొక్కటేనా? గానుగ తిప్పిన ఎద్దు కుంటిదా మంచిదా గూడా చెప్పేస్తాది. ఒకసారి రామాంజి ముక్క చప్పరించి, ఈ పాకం కాచినాయన ఆ పొద్దు పెండ్లాంతో కొట్లాడినాడు అన్నాడంట. విచారిస్తే నిజమేనంట. పెండ్లామే గెలిచిందంట. ఇంకోసారి నాలిక బయటపెట్టి కునుకు తీస్తే, లేచేసరికి మండ్య పక్కన మద్దూరు నుంచి చీమలు బస్సెక్కి వచ్చి వరసలో నిలబడినాయంట.

ఇదంతా చెప్పేది రామాంజే. ఆయన మాటల్లో సగం గాలికి వదిలేయొచ్చు. మిగిలిన సగం నమ్మాల్సిందే. ఎందుకంటే బెల్లం సంగతిలో ఆ నాలిక ఒక్కసారి గూడా తప్పింది లేదు.

పళ్లెం పెట్టిన కాసేపటికే జనం మూగినారు. బెల్లం తినాలంటే నోరు తెరవాల గదా. మాస్కులు గడ్డాల కిందికి దిగినాయి. నములుతా మాట్లాడుకున్నారు, మాట్లాడుతా దగ్గినారు. అందరూ ముందుకు వంగేసరికి తాడు నేలకు సాగిలపడింది.

అందర్లోకి పెద్ద గొంతు నంజప్పది. నంజప్ప పెండ్లిండ్లకు వంట చేసే మేస్త్రీ. ఆయన తుమ్మితే మెజెస్టిక్ బస్టాండులో నిలబెట్టిన బస్సు రెండడుగులు ముందుకు పోతాదని వీధిలో అనుకుంటారు.

రెండు ముక్కలూ తిని, ఏది మంచిదో నువ్వే చెప్పు అని నంజప్ప రామాంజిని పిలిచినాడు. రామాంజికి అంతకంటే ఏం కావాల? మాస్కు దించి తాడు దాకా వచ్చినాడు. ముక్క నోట్లో వేసుకున్నాడు. చుట్టూ అందరూ ఆయన మూతికేసి వంగినారు. ఆయన ఒక ఊరి పేరు చెప్పి, ఒక ఎద్దు కథ చెప్పినాడు. జనం నవ్వినారు. బేరం అయిపోయింది.

రోజూ ఇదే కథ. తాత నిద్రలేచి, ఈ మధ్య మధ్యాహ్నం గిరాకీ బాగుండాదే అనేవాడు. ఆశ బుగ్గలో బెల్లం దాచుకొని నవ్వేది.

ఒక పొద్దు రామాంజి రాలేదు. మర్నాడూ రాలేదు. ఆ సాయంత్రం ఆయన పెండ్లాం కెంపమ్మ ఫోన్ చేసింది. తాత స్పీకర్ పెట్టినాడు. కరోనా అన్నారంట. ఊపిరాడకపోతే ఆస్పత్రిలో చేర్చుకొని ఆక్సిజన్ పెట్టినారంట.

తాత ఫోన్ మీదికి వంగినాడు. "తాడు కట్టినాం, మాస్కులు వేసినాం. ఎట్లొచ్చిందమ్మా?"

"గిరాకీలు చిటికెసేపు ఉండి పోతారన్నా," అనింది కెంపమ్మ. "ఒక్కొక్కరూ ఇంత గాలి వదిలేసి పోతారు. ఈయప్ప పొద్దంతా ఆడే నిలబడి అందరి గాలీ మింగాల."

ఆశ బుగ్గలో బెల్లం ముక్క ఉండాది. వెనక్కి పోయి ఊసేసింది. తిరిగి వచ్చి స్టీలు పళ్లెం తాత ముందర పెట్టి, జరిగిందంతా చెప్పింది.

తాత తిట్టలేదు. పళ్లెం తీసి బోర్లించి పెట్టినాడు. తిట్టి ఉంటే బాగుండు అనిపించింది ఆశకు.

అంగడి మూసి ఇంట్లో అందరూ పరీక్ష చేయించుకున్నారు. వీళ్లకెవరికీ లేదన్నారు. అయినా ఆ రోజుల్లో తాతకు మధ్యాహ్నం గురక రాలేదు. మూసిన అంగట్లో తక్కెడ గూడా కదల్లేదు.

రామాంజి బతికి బయటపడినాడు. డాక్టర్లు ఇంక పనికి పోవచ్చు అన్నాకే వచ్చినాడు. ఎంత చిక్కిపోయినాడంటే, ఆ చొక్కాలో ఇంకో రామాంజి అద్దెకు ఉండొచ్చు.

తాత కొత్త అచ్చులోంచి మంచి ముక్క తీసి ఇచ్చినాడు. రామాంజి అంగడి వెనక ఖాళీ జాగాకు పోయి, మాస్కు దించి నోట్లో వేసుకున్నాడు. కండ్లు మూసుకున్నాడు. తాత, ఆశ దూరంగా నిలబడి చూస్తాండారు.

ఊరి పేరు చెప్పలేదు. ఎద్దు కథా చెప్పలేదు.

"మట్టి అప్పా," అన్నాడు. "మట్టి నమిలినట్లుండాది."

జబ్బుతో పాటు రుచి గూడా పోయిందంట. వస్తాదిలే, ఎప్పుడొచ్చేదీ చెప్పలేం అన్నారంట డాక్టర్లు. రామాంజి మాస్కు పైకి లాక్కొని గోడ వైపు తిరిగినాడు.

ఆశ కొంచెం దగ్గరికి పోయింది. "మామా, పళ్లెం పెట్టింది నేనే గదా."

"మాస్కు దించింది నేనమ్మా," అన్నాడు రామాంజి, గోడతో చెప్పినట్లు.

మర్నాడు అంగడి తెరిచినారు. తాత కంటే ముందే ఆశ వచ్చింది. పాత తాడుకు ముందర, ఒక మంచమంత దూరంలో రెండో తాడు కట్టింది. ముడి ఎంత బిగించిందంటే, దాన్ని విప్పాలంటే ఏనుగు తొండానికి గూడా కట్టు కట్టాల్సి వస్తాది. రామాంజి జనానికి దూరంగా నిలబడేటట్లు తక్కెడను దూలం మీద లోపలికి జరిపించింది. చిన్న చిన్న బెల్లం ముక్కల్ని కాగితంలో చుట్టి డబ్బాలో పెట్టుకొని, రెండు తాళ్ల నడుమ స్టూలెక్కి నిలబడింది.

నంజప్ప వచ్చినాడు. మాస్కు గడ్డం కింద ఊగుతాండాది. పెద్ద పెండ్లి ఒప్పుకున్నాడంట, మూటలకు మూటలు కావాలంట. ఏదీ పళ్లెం అని చెయ్యి చాపినాడు.

"ముక్క లేదు మామా. మాస్కు పైకి వేసుకోండి."

"ఏం చిన్న యజమానీ," అన్నాడు నంజప్ప. "రుచి చూడకుండా పెండ్లికి పాయసం నువ్వొచ్చి చేస్తావా?"

తాడవతల జనం నవ్వినారు. నంజప్ప ఇంకా పెద్దగా నవ్వి, ఎదురంగట్లో పళ్లెం నిండుగా ఉండాది, ఆడికే పోతా అన్నాడు. తాత ఆశ వైపు చూసినాడు. అంత పెద్ద బేరం వచ్చి ఎన్నాళ్లైందో. ఆశ స్టూలు మీంచి దిగలేదు.

"పోండి మామా," అనింది. "మా అంగడికి ఉండేది ఒకే నాలిక. మీరంతా తిన్నారే, ఆ పళ్లెం దగ్గరే అది పోయింది. నేనే పోగొట్టినాను. రామాంజి మామకు రుచి వచ్చేదాకా ఈడ ఎవరికీ రుచి లేదు. నాకు గూడా లేదు."

నవ్వులు ఆగిపోయినాయి. నంజప్ప లోపలికి చూసినాడు. ఇన్నేండ్లూ ఆయన పాయసానికి బెల్లం ఏరి ఇచ్చిన రామాంజి, తక్కెడ పక్కన చొక్కాలో మునిగిపోయి నిలబడి ఉండాడు.

"నిజమా రామాంజీ?"

రామాంజి తల ఊపినాడు.

నంజప్ప చెయ్యి మెల్లగా గడ్డం దగ్గరికి పోయింది. మాస్కు ముక్కు మీదికి ఎక్కింది. "మరి ఏది మంచిదో నాకెట్ల తెలిసేది?" అన్నాడు. ఆ గొంతులో ఇప్పుడు బస్సుల్ని కదిలించే బలం లేదు.

ఆశ రెండు పొట్లాలు తీసి తాడు మీదుగా అందించింది. ఇంటికి పోయి తిని, ఏది కావాల్నో ఫోన్లో చెప్పమనింది. నంజప్ప సణుగుతానే పోయినాడు. గంటకంతా ఆయన గొంతు వినిపించింది, మండ్యది పంపు అని. చిక్కపేటలో వాళ్లింటి నుంచే అరిచినాడు. ఫోన్ తర్వాత మోగింది.

అందరూ నంజప్ప మాదిరి లేరు. కొందరు ఎదురంగడికి పోయినారు. ఒకాయన, మూడడుగుల పిల్ల నాకు చెప్పేదేంది అని తాతను అడిగినాడు. తాత తాడు ముడి ఒకసారి లాగి చూసి, "పిల్ల చెప్పిందే మా అంగడి మాట," అన్నాడు. ఆ అడిగినాయన గూడా ఎదురంగడికే పోయినాడు. ఆశ స్టూలు మాత్రం దిగలేదు.

చెప్పినట్లే ఆశ బెల్లం ముట్టలేదు. అది చిన్న సంగతి కాదు. ఆశ జేబులో ఎప్పుడూ ముక్క ఉండేది, జేబు వెంట చీమలుండేవి. ఇప్పుడా చీమలు బేజారై వేరే పిల్లల్ని వెతుక్కున్నాయి.

రామాంజి రోజూ పొద్దున ఒక ముక్క తీసుకొని ఒంటరిగా వెనక్కి పోయేవాడు. తిరిగొచ్చేటప్పుడు ఆశ అడిగేది కాదు. కండ్లు చూసేది. ఆయన తల అడ్డంగా ఊపేవాడు. ఆశ పోయి తాడు ముడి ఇంకొంచెం బిగించేది.

ఇట్లా చానా దినాలు పోయినాయి. తాతకు గురక తిరిగొచ్చింది గానీ, అది పాత గురకలో సగం గూడా లేదు.

ఒక మధ్యాహ్నం కొత్త సరుకు దిగింది. రామాంజి ముక్క తీసుకొని వెనక్కి పోయినాడు. తాత మూటల సందులో పండుకున్నాడు. తాడవతల నంజప్పతో పాటు నలుగురు నిలబడి ఉండారు.

అంగడి వెనక నుంచి కేక వచ్చింది.

"ఎవురప్పా ఈ బెల్లం తెచ్చింది? ఉప్పునేల చెరుకు ఇది. ఎత్తి వెనక్కి పంపండి."

తాత సగం గురకలో లేచి కూర్చున్నాడు. ఆశ స్టూలు మీంచి దూకింది. రామాంజి మాస్కు సరిచేసుకుంటా వచ్చినాడు. కండ్లలో నీళ్లు, గొంతులో కోపం.

"ఉప్పొక్కటే కాదు," అన్నాడు. "గానుగ ఎద్దుకు కుడికాలు కుంటు."

"ఇప్పుడు ఎద్దులు యాడుండాయప్పా, అన్నీ మిషన్లే గదా," అన్నాడు తాత.

రామాంజి మాస్కు లోపలే ఇంకోసారి చప్పరించినాడు. "అయితే మిషనే కుంటుతాండాది."

తాత నవ్విన నవ్వుకు తక్కెడ గిరగిరా తిరిగింది. తాడవతల వాళ్లు గూడా పగలబడి నవ్వినారు. నంజప్ప అయితే పొట్ట పట్టుకొని నవ్వి, మాస్కు కిందికి లాగి చెయ్యి చాపినాడు. నాలిక వచ్చేసింది గదా, ఇంక పళ్లెం తియ్యి చిన్న యజమానీ అన్నాడు. మిగతావాళ్ల చేతులు గూడా లేచినాయి. తాడు ముందుకు సాగింది.

ఆశ పళ్లెం వైపు చూసింది. తక్కెడ దగ్గర నిలబడిన రామాంజి వైపు చూసింది. నవ్వే నోళ్లన్నీ ఆయన వైపే తిరిగి ఉండాయి.

స్టూలెక్కింది. "రామాంజి మామ రుచి మామకు వచ్చింది," అనింది. "తాడు ఆడనే ఉంటాది. మాస్కు మామా."

నంజప్ప మాస్కు ఎక్కించుకున్నాడు. ఆశ ఒక్కొక్కరికీ పొట్లం అందించింది. సాగిన తాడును లాగి బిగించింది.

అందరూ పోయినాక డబ్బాలోంచి కాదు, కొత్త సరుకులోంచి రెండు ముక్కలు తీసి, ఒకటి జేబులో వేసుకునింది. అంగడి వెనక్కి పోయింది. చుట్టూ చూసింది. ఎవరూ లేరు. మాస్కు దించి, చేతిలో ముక్క నోట్లో వేసుకొని, కండ్లు మూసుకునింది.

ఉప్పగానే ఉండాది.

అయినా ఇంకో ముక్క కోసం జేబులో చెయ్యి పెట్టింది.