గవ్వ కొరికిన ద్వారబంధం

అంగారకుడి మీద తలుపుకు ద్వారబంధంతో పనే లేదు. మీట నొక్కితే ఉక్కు రెక్క గోడలోకి జారిపోతుంది, మళ్ళీ నొక్కితే వచ్చి గాలి చొరకుండా మూసుకుంటుంది. అయినా మనవాళ్ళు ఊరుకుంటారా? ద్వారబంధం లేని ఇంట్లో గృహప్రవేశం ఏమిటని, 2094 నాటికి నవపల్నాడు కాలనీలోని మూడు వందల ఇళ్ళకూ భూమి నుంచి టేకు ద్వారబంధాలు తెప్పించుకున్నారు. తొమ్మిది నెలల ప్రయాణం. వాటికి చోటివ్వడం కోసం ఆసుపత్రికి రావలసిన స్కానరు తర్వాతి రాకెట్‌కు వాయిదా పడింది. ఉక్కు తలుపు ముందు ఆ చట్రాన్ని జిగురుతో అంటించి, గడపకు పసుపు రాసి, ప్లాస్టిక్ మామిడాకుల తోరణం కట్టి మురిసిపోయారు. అది తెరుచుకోదు, మూసుకోదు, దేన్నీ ఆపదు. ఆ గడప తగిలి బోర్లా పడేవాళ్ళను చూడడం డాక్టర్ వకుళకు మంచి కాలక్షేపం.

వకుళ జంతునాడీ శాస్త్రవేత్త. కాలనీలో పెంపుడు జంతువంటే డెగూ ఒక్కటే. చిలీ కొండల్లో పుట్టిన జీవి, చూడటానికి తోక చివర కుచ్చున్న ఎలుకలా ఉంటుంది, పొడి గాలిని తట్టుకుంటుందని తెచ్చారు. గుంపులో తప్ప బతకలేదు. బతికినన్నాళ్ళూ దాని పళ్ళు పెరుగుతూనే ఉంటాయి. ఏదో ఒకటి కొరికి అరగదీసుకోకపోతే నోరు పనిచేయక ఆకలితో చస్తుంది. ఇదంతా డెగూతో పాటు ఇచ్చే కాగితంలో పెద్ద అక్షరాలతో రాసి ఉంటుంది. చదివిన మహానుభావుడు కాలనీలో ఒక్కడూ లేడు. ఇంటికొక్క డెగూను తెచ్చి, ఉక్కు పంజరంలో పెట్టి, సాయంత్రం పూట హాల్లోకి వదిలి, ఇల్లు మొత్తం మీద ఉన్న ఒకే ఒక్క కర్ర వస్తువును అది కొరికేస్తోందని అందరూ గోల పెట్టేవారు.

అందరిలోకీ పెద్ద గోల కాలనీ సంఘం అధ్యక్షుడు కోటిలింగానిది. ఆయన ఇంటి డెగూ పేరు గవ్వ.

"చూశావా అమ్మాయ్, ఈ గవ్వ ముండ గడపని ఎట్టా చేసిందో! ఆదివారం సత్యనారాయణ వ్రతం పెట్టుకున్నా. గవర్నరు గారొస్తన్నారు. ఈలోపు దీని పళ్ళు పీకేయ్," అన్నాడు వకుళను పిలిపించి.

"పళ్ళు పీకితే బతకదు కోటిలింగం గారూ. గడ్డి ఎలా నములుతుంది?"

"పోతే ఇంకోటి తెచ్చుకుంటాం. ద్వారబంధం తేవాలంటే తొమ్మిది నెలలు పట్టుద్ది."

"దానికో తోడు తెచ్చి పెట్టండి. హరితగృహంలో జామకొమ్మలు కత్తిరించి పారేస్తున్నారు, రెండు పంజరంలో వెయ్యండి. గడప జోలికి రమ్మన్నా రాదు."

"జామపుల్లలా? నా హాల్లోనా? నలుగురూ వచ్చేచోట పొయ్యికాడ కట్టెల్లాగా! శాస్త్రవేత్తవి గదా తల్లీ, ఏదన్నా మిషను కనిపెట్టు."

వకుళకు ఒళ్ళు మండింది. పుల్లతో పోయేదానికి యంత్రం కావాలట! కానీ ఆదివారానికి నాలుగు రోజులే ఉంది. పంజరంలోంచి గవ్వ నారింజరంగు పళ్ళతో ఊచను పట్టుకుని చూస్తోంది.

"నీ పళ్ళు ఎక్కడికీ పోవు. నీకు తోడు తెచ్చే పూచీ కూడా నాది," అని దానికి మాటిచ్చి వకుళ ప్రయోగశాలకు వెళ్ళింది.

ఆమె తయారుచేసిన దానికి 'తృప్తిని' అని పేరు పెట్టింది. అరచేతిలో పట్టే, అడిగితే జవాబు చెప్పే పెట్టె. అందులోని న్యూరల్ సెన్సర్లు గదిలోని మెదళ్ళలో తీరని కోరికను పసిగడతాయి. వెంటనే సన్నని అల్ట్రాసౌండ్ తరంగం వెళ్ళి మెదడులోని తృప్తికేంద్రాన్ని తాకుతుంది. కొరకాలనుకున్న ప్రాణికి కొరికేసినట్టే ఉంటుంది. ఒక్క డోసు ఒక రోజంతా పనిచేస్తుంది. పళ్ళ అరుగుదల కోసం, డోసు దిగిపోయే వేళకు ప్రయోగశాలకు తెచ్చి గవ్వకు రోజూ ఒక కొమ్మ కొరికించవచ్చని ఆమె లెక్క వేసుకుంది. గురువారం దాన్ని ద్వారబంధం మీద, తోరణం చాటున బిగించింది.

శుక్రవారం వచ్చి చూస్తే గడప ఇంకో జానెడు తగ్గింది. గవ్వ నిక్షేపంగా కొరుకుతోంది. కోటిలింగం పక్కన కూర్చుని చూస్తున్నాడు.

"బాగా చెక్కుద్దమ్మా. లతలు చెక్కినట్టు లేదూ?" అన్నాడు.

వకుళ తృప్తినిని అడిగింది. "నిన్న ఎవరిమీద పనిచేశావు?"

"కోటిలింగం గారి మీద. గదిలో అన్నిటికన్నా బలమైన కోరికను ముందు తీర్చమని మీరే రాశారు. గవ్వ కోరిక ఆయన కోరికలో వందో వంతు కూడా లేదు. అంత చిన్నది నా లెక్కలోకి రాదు," అంది యంత్రం.

"ఏమిటా కోరిక?"

"తన ద్వారబంధాన్ని చూసి నలుగురూ కుళ్ళుకోవాలని. కుళ్ళుకున్నట్టే ఆయనకు తోచింది. ఇక ద్వారబంధం ఎలా ఉన్నా ఆయనకు ఒకటే."

వకుళ పగలబడి నవ్వింది. ఎలుకంత ప్రాణి ఆశకన్నా ఈ పెద్దమనిషి ఆశ వందరెట్లు! పొరపాటు సరిచేయడం ఒక్క నిమిషం పని. ఆమె చేయలేదు. గవ్వ పళ్ళు దక్కాయి, కోటిలింగం నోరు మూతపడింది, ఇంకేం కావాలి?

ఆదివారం వ్రతానికి కాలనీ అంతా వచ్చింది. గడప దాటినవాడల్లా మెత్తబడిపోయాడు. గవర్నరు ఉపన్యాసం ఇవ్వకుండానే ఇచ్చినంత హాయిగా కూర్చున్నాడు. కోటిలింగానికి పోటీగా సంఘం ఎన్నికల్లో నిలబడబోతున్నవాడు, గెలిచినవాడిలా అందరికీ దణ్ణాలు పెట్టాడు. చేతిలో ప్రసాదం చల్లారుతున్నా చాలామంది తిననేలేదు, తిన్నట్టే ఉంది వాళ్ళకు. ఎంత తేలికగా మోసపోయే జాతి అనుకుంది వకుళ, సోఫా మూల నుంచి వాళ్ళను చూస్తూ. ఏమీ చేయకపోయినా చేసినట్టుంటే చాలు వీళ్ళకు.

"కోటిలింగం గారూ, గవ్వకు తోడు తెస్తాను. జామకొమ్మలు కూడా," అంది.

"తీసుకురా తల్లీ, దానికేం!" అన్నాడాయన.

ప్రయోగశాలలో పెంచుతున్న గుంపులోంచి ఒక బొద్దు డెగూను ఆమె అప్పటికే ఎంచి పెట్టింది. ఇప్పుడే వెళ్ళి తెద్దామని లేవబోయింది. ఇంకో రెండు నిమిషాలు కూర్చుంటే ఏం పోయింది అనిపించింది. గుండెల్లో ఏదో మంచిపని చేసిన నిబ్బరం. పంజరం వైపు చూస్తే గవ్వ ముద్దొచ్చింది.

ఆ తర్వాత రోజూ సాయంత్రం ఆమె వచ్చేది, గవ్వను చూసి పోదామని. కాఫీ తాగి, కోటిలింగంతో నాలుగు మాటలాడి, ఆయన మీద లోలోపల నవ్వుకుని, తేలికపడ్డ మనసుతో వెళ్ళేది. రెండు నెలలు గడిచాయి. గవ్వ గడప పూర్తిచేసి, నిలువు కమ్ములు పూర్తిచేసింది. ఒకనాడు పైకమ్మి తోరణంతో సహా కిందపడితే, తృప్తినిని ఎవరో తీసి గోడకు అతికించారు.

పైకమ్మి కూడా పొట్టుగా మారి రెండు వారాలు దాటాక ఒకరోజు వకుళకు ఊరికే అడగాలనిపించింది. "ఇప్పటిదాకా ఎవరికెన్ని డోసులిచ్చావు?"

"గవ్వకు ఒక్కటీ లేదు. కోటిలింగం గారికి నలభై. మీకు అరవై ఒకటి."

"నాకా? నాకేం కోరిక?"

"గవ్వకు తోడు తేవాలని. రోజూ ఈ గదిలో అదే బలమైనది. రోజూ తీరింది."

"కానీ నేను తేలేదుగా!"

"తీరిందన్నాను. తెచ్చారనలేదు."

ఛీ అనుకుంది వకుళ, ఈ కోటిలింగానికీ తనకూ తేడా ఏముందని. లేచి, ఆ పెట్టెను గోడ నుంచి పీకి నేలకేసి కొట్టి, పరుగున వెళ్ళి బొద్దు డెగూను తేవాలనుకుంది. ఇంత గట్టిగా ఆమె ఏదీ అనుకోలేదు. గదిలో అంత బలమైన కోరిక మరొకటి లేదు కనుక గోడ మీది పెట్టె సన్నగా గుయ్‌మంది.

వకుళ మళ్ళీ సోఫాలో కూర్చుంది. పెట్టెను పగలగొట్టినట్టే ఉంది. బొద్దు డెగూ వచ్చినట్టే ఉంది.

ఎదురుగా గవ్వ ఒక్కతే, కర్ర మిగలని గుమ్మంలో ఉక్కు అంచుకు పళ్ళు ఆనించి, జారిపోతుంటే మళ్ళీ ఆనిస్తోంది. వాటి కొసలు అప్పటికే వంకర తిరిగాయి.

"దీనికిప్పుడు ఎంత హాయిగా ఉందో చూడండి," అంది వకుళ.

"అంతా నీ చలవ తల్లీ," అన్నాడు కోటిలింగం.