దారిచెయ్యి

బండి గంటకు నూట ఎనభై కిలోమీటర్ల వేగంతో పోతున్నా తులశమ్మ చేతిలోని గ్లాసులో టీ తొణకలేదు. ఎదురు సీటులో కూర్చున్న కూతురు కృత్తిక ఉగ్గాని తింటూ మధ్యమధ్య మిరపకాయ బజ్జీ కొరుకుతోంది. బండికి ముందు, వెనక అనే తేడా లేదు. చక్రం పట్టే చోటు లేదు. ఇంట్లో చాప మీద కూర్చున్నట్టే ఎదురెదురుగా కూర్చుని జనం ఊళ్ళు దాటుతారు.

"ఆ చెయ్యి తియ్ మా. ఆ పట్టీని పట్టుకోని ఏం ఆపుతావు నువ్వు?" అంది కృత్తిక.

తులశమ్మ పక్కనున్న పట్టీని వదల్లేదు. సారథివల వచ్చి ముప్పై ఏళ్ళు దాటింది. రోడ్డు మీది ప్రతి బండీ ఆ వలలో ఒక ముడి. ఏ బండి ఎటు తిరగబోతోందో మిగతా బండ్లన్నిటికీ ముందే తెలుసు. ఒకటి వేగం తగ్గితే వెనకవన్నీ అంతకు తగ్గట్టు తగ్గుతాయి. ఈ ముప్పై ఏళ్ళలో బండి కింద పడి కోడిపిల్ల కూడా చావలేదని చెప్పుకుంటారు. అయినా వలకు ముందు చక్రం పట్టి నడిపిన చేతులు కనుక, వేగం పెరిగిందంటే తులశమ్మ వేళ్ళు తమకు తామే ఏదో ఒకటి పట్టుకుంటాయి.

గుత్తి పొలిమేరలో బండి ఆగింది. ముందరివీ ఆగాయి, వెనకవీ ఆగాయి.

"ఎవరో చెయ్యెత్తినారు," అంది కృత్తిక, కిటికీలోంచి చూడకుండానే.

నిజమే. రోడ్డు పక్క టీ కొట్టు దగ్గర ఒక పెద్దాయన రెండు చేతులూ పైకెత్తి ఒళ్ళు విరుచుకుంటున్నాడు. బండికి దగ్గరలో మనిషి చెయ్యి లేచిందంటే ఆ మనిషి ఆపదలో ఉన్నట్టే లెక్క. చెయ్యి దిగేదాకా వల అక్కడి బండ్లను కదలనివ్వదు. ఎంత పెద్ద అధికారి చెప్పినా ఆ నియమం మారదు. పెద్దాయన ఆవులించి చేతులు దించాడు. బండ్లు కదిలాయి.

"ఈ పొద్దు నాకు పరీక్ష. ఆయప్పకు నిద్ర," అని కృత్తిక నవ్వింది. తులశమ్మ నవ్వలేదు.

గుత్తి దాటాక ఒకప్పుడు విమానాలు దిగిన బయలు ఒకటుంది. దాని మీదే చుట్టుబాట వేశారు. మనుషులు తమ చేత్తో బండి నడపడానికి ప్రభుత్వం ఒప్పుకున్న చోటు ఈ చుట్టుపక్కల జిల్లాల్లో అదొక్కటే. నెలకొకసారి వచ్చే ఆ దినాన్ని చేతిరోజు అంటారు. ఆ రోజు బాట మీద వల పనిచేయదు. పుట్టుబండ్లను తప్ప వేరే వాటిని రానివ్వరు. కర్మాగారం గేటు దాటిన నాడు ఎట్లా ఉందో ఈనాటికీ అట్లాగే ఉన్న బండిని పుట్టుబండి అంటారు. ఇంజను బలం పెంచకూడదు, బ్రేకు మార్చకూడదు. తేడా ఏదన్నా ఉంటే అది నడిపేవారిలోనే ఉండాలి.

బాట పక్క షెడ్డులో తులశమ్మ వాళ్ళ బండ్లు రెండూ పక్కపక్కన ఉన్నాయి. రెండూ ఒకే రకం, ఒకే ఏడాది కొన్నవి, పొట్టిగా నేలను కరుచుకుని ఉండే రెండు సీట్ల పరుగుబండ్లు. ఇటుకరంగుది ఆమెది. తెల్లది ఆమె భర్త సుంకన్నది. ఇప్పుడు కృత్తికది.

చుట్టుబాటకు పెద్ద అయిన పెన్నోబిలేసు, తువ్వాలు తలకు చుట్టుకుని, కొత్తగా వచ్చినవారిని వరసగా నిలబెట్టి చెబుతున్నాడు.

"ముందున్నోళ్ళు చెయ్యి చూపిచ్చకుండా ఎవరూ ఎవర్నీ దాటకూడదు. దాన్నే దారిచెయ్యి అంటాము. కుడి కిటికీలోంచి చెయ్యి బయటికి పెట్టి కుడిపక్కకు చూపిస్తే, ఇట్ల పో అని. దాటినోళ్ళు చెయ్యెత్తి దండం పెట్టల్ల. మర్యాద."

"చెయ్యెత్తితే బండి ఆగిపోదా అన్నా?" అని ఒక కుర్రాడు అడిగాడు.

"ఆగదు నాయనా. ఈడ నువ్వు ఆపితేనే ఆగేది. అదే కదా భయం." అందరూ నవ్వారు. పెన్నోబిలేసు ఆ నవ్వులు ఆగేదాకా ఉండి మళ్ళీ అందుకున్నాడు. "ఇంగోటి. చెయ్యి చూపిచ్చేది సగమే. యాక్సిలరేటరు మీంచి కాలు తీసేది మిగతా సగం. అన్నీ ఒకే బలం బండ్లు. తిన్నని దారిలో ముందున్నోడు కాలు తీయకపోతే, వెనకున్నోడు ఎంత తొక్కినా ఆడనే ఉంటాడు. పొమ్మని చెయ్యి చూపించి తాను పరిగెత్తేటోడు, అన్నానికి పిలిచి విస్తరి తీసేసినట్ల."

తులశమ్మకు ఈ మాటలు కొత్త కాదు. వాటిని పెన్నోబిలేసుకు నేర్పింది సుంకన్నే.

ఆపద సేవ అధికారి రజియా ఆమె దగ్గరకు వచ్చింది. నలభై ఏళ్ళ మనిషి, గొంతులో తొందర ఉండదు.

"తులశమ్మ గారూ, మీకు కష్టమనిపిస్తే ఇప్పుడే చెప్పండి. మీ పాప పరీక్షలో మీరే ముందుబండి నడిపేది నాకూ ఇబ్బందే. కానీ ఆ తెల్ల బండికి సమంగా నడిపేవాళ్ళు మీరు తప్ప లేరు."

"నేనే నడుపుతా మేడం," అంది తులశమ్మ.

పరీక్ష కష్టమైనదే అయినా నియమాలు తేలిక. ముందు మూడు బండ్లు పోతుంటాయి, అన్నిటికంటే ముందుది తులశమ్మది. జెండా పడేలోగా అభ్యర్థి ఆ మూడింటినీ, దారిచెయ్యి అందుకున్నాకే, తిన్నని దారిలోనే దాటాలి. గెలిచినవారు చేతిసారథులవుతారు. వల అందని నల్లమల దారుల్లో, వల తెగిన వేళల్లో రోగులను చేర్చే పని వారిది.

వల తెగుతుందని ఎవరూ అనుకోలేదు. రెండేళ్ళ కిందట సూర్యుడి మీద లేచిన తుఫాను రెండు రోజుల పాటు దాన్ని మూగదాన్ని చేసింది. రోడ్ల మీద ఎక్కడి బండ్లు అక్కడే నిలిచిపోయాయి. వల తెగడానికి కాస్త ముందే సుంకన్న గుండెలో కలుక్కుమంటోందని అనంతపురం పెద్దాసుపత్రికి బయలుదేరాడు. దారి మధ్యలో బండి ఆగింది. రెండు బండ్ల అవతలే ఆంబులెన్సు ఉంది. దానికీ పట్టి నడిపే చక్రం లేదు. అందులోని నర్సు నడిచి వచ్చి చేయగలిగింది చేసింది. ఆసుపత్రి మాత్రం నడిచి రాలేదు.

అయితే తులశమ్మను తినేసే విషయం ఆ చావు కాదు. ఆ పొద్దున ఆయన బయలుదేరినప్పుడు ఆమె పుస్తకంలోంచి తల ఎత్తలేదు. ఆయనా పోయొస్తానని అనలేదు. ఎవరూ అనడం లేదు. దారిలో ఆపద లేని కాలం వచ్చాక, పోయేవారు చెప్పి పోవడం, ఉండేవారు గడప దాకా రావడం వాటంతటవే రాలిపోయాయి. బండి తలుపు తెరుచుకుంటుంది, మూసుకుంటుంది. అంతే.

"మా," అని కృత్తిక శిరస్త్రాణం చంకన పెట్టుకుని వచ్చింది. "భయపడాకు. నేను నాయన బండిలో ఉంటా. నువ్వు నా ముందర ఉంటావు. ఇంతకంటే ఏం కావల్ల?"

"గెలిస్తే యాడికి పంపుతారు?"

"నల్లమలకే మొదలు."

"ఆడ వల ఉండదు కదా పాపా."

"అందుకే కదమ్మా నేను పోయేది."

జెండా ఊగింది. ఇంజను చప్పుడు వినగానే తులశమ్మ కుదుటపడింది. ఎప్పుడూ అంతే. ఎదురు సీట్ల బండిలో పట్టీని వదలని చేతులు ఇక్కడ నిలకడగా ఉంటాయి. కొడవలి మలుపు దగ్గర బ్రేకు తొక్కి, గేరు దించి, బండి ముక్కును లోపలి అంచుకు ఆనించి వదిలితే, అది తనకు తానే తిన్నని దారిలోకి జారుకుంటుంది. తర్వాత రాగిముద్ద మలుపు. అది గుండ్రంగా సాగుతూ తెగదు. ఓపిక లేనివారు అక్కడే జారేది.

అద్దంలో తెల్ల బండి కనబడింది. మొదటి బండిని దాటింది. రెండో చుట్టులో రెండోదాన్నీ దాటింది. తొందర లేదు, తడబాటు లేదు. రాగిముద్ద మలుపులో సుంకన్న ఎట్లా ఓపిక పట్టేవాడో అట్లాగే పట్టింది. తులశమ్మకు గర్వమనిపించింది. ఆ వెంటనే భయం వేసింది.

తిన్నని దారిలోకి రాగానే ఆమె కుడి చెయ్యి కిటికీలోంచి బయటికి పెట్టి దారి చూపింది. తెల్ల బండి కుడికి వచ్చి పరుగెత్తింది. దాని ముక్కు ఇటుకరంగు బండి వెనక చక్రం దాకా వచ్చి అక్కడే నిలిచిపోయింది. తులశమ్మ కాలు నేలకు అదిమే ఉంది. తీయాలనుకుంది. కాలు లేవలేదు. మలుపు వచ్చేసింది. కృత్తిక నియమం ప్రకారం వెనక్కి తగ్గింది.

మరో చుట్టులోనూ అంతే. చెయ్యి అందరికీ కనబడుతుంది. కాలు ఎవరికీ కనబడదు. గట్టు మీద నిలబడి చూసేవారికి ఒక తల్లి ఉదారంగా దారి ఇస్తోంది, కూతురు అందుకోలేకపోతోంది. జెండా పడేదాకా ఇట్లాగే పట్టుకుంటే చాలు. పాప ఇంటికి వస్తుంది. రేపు ఉగ్గాని తింటూ ఎదురు సీటులో కూర్చుంటుంది. ఎల్లుండీ కూర్చుంటుంది.

మూడోసారి దారి చూపినప్పుడు అద్దంలో ఒకటి చూసింది. దాటలేక వెనక్కి తగ్గుతూ కృత్తిక చెయ్యి పైకెత్తింది. దాటినవారు పెట్టే దండం అది. అందని దారికి దండం.

పాపకు తెలుసు. రెండు బండ్లూ ఒకే బలమని తెలిసిన పిల్లకు అమ్మ కాలు ఎక్కడుందో తెలియదా? కోపం ఉంటే లైటు వేసి చెప్పేది, హారన్ కొట్టేది. అవేవీ చేయలేదు. అమ్మ దారి ఇచ్చింది, నేనే అందుకోలేకపోయాను అని గట్టు మీది వారందరికీ చెయ్యెత్తి చెబుతోంది. రజియా చూసేది అదే. దారి ఇచ్చినా దాటే ధైర్యం లేని పిల్ల అని ఆమె అనుకుంటుంది. తన కాలు చేసిన పని కూతురి పేరు మీద పడుతుంది.

రాగిముద్ద మలుపు ఈసారి మరీ పొడుగ్గా అనిపించింది. మలుపు తెగి తిన్నని దారి కనబడగానే తులశమ్మ చెయ్యి బయటికి పెట్టింది. కాలి వైపు చూసింది. చుట్టుబాట మీద కిందికి చూడకూడదు. అయినా చూసింది. ఆ కాలు తనదే. లేపింది.

ఇంజను గొంతు పడిపోయింది. బెల్టు ఛాతీకి ఒత్తుకుంది. తెల్ల బండి కుడిపక్కకు వచ్చింది. ఒక్క క్షణం రెండూ పక్కపక్కన పోయాయి, షెడ్డులో ఉన్నట్టే. కృత్తిక ముందుకే చూస్తోంది. తర్వాత తెల్ల బండి వెనక భాగం కనబడింది, అది చిన్నదవుతూ పోయింది. దాని కిటికీలోంచి ఒక చెయ్యి లేచింది.

"పోయిరా తల్లీ," అంది తులశమ్మ. శిరస్త్రాణం లోపల ఆ మాట ఆమెకే పెద్దగా వినబడింది. ఆ మాట నోట పలికి ఎన్నేళ్ళయిందో.

జెండా పడింది. షెడ్డు ముందు రజియా కృత్తికను అడిగింది. "దారిచెయ్యి మొదటిసారే వచ్చింది. ఎందుకు దాటలేదు?"

"తొందరపడలేదు మేడం."

"అది అబద్ధం మేడం," అంది తులశమ్మ. "నేను చెయ్యి చూపినా. కాలు తీయలా."

పెన్నోబిలేసు తువ్వాలు విప్పి మళ్ళీ చుట్టుకున్నాడు. "అక్కా, పొద్దున్నే కదా చెప్తి, విస్తరి తీయొద్దని."

రజియా నవ్వలేదు. "ముందున్నవాళ్ళు దారి ఇచ్చినట్టే ఇచ్చి ఇయ్యకపోతే, కోపం చేసుకోకుండా వెనకే ఉండినావు. తప్పు నీ మీద వేసుకున్నావు. ఘాటు రోడ్డులో రోగిని పెట్టుకుని పోయేటప్పుడు మొదటిది కావల్ల. రెండోది వద్దు. అది మానుకో," అంది కృత్తికతో. "సోమవారం వచ్చి చేరు."

తిరుగు ప్రయాణంలో ఎదురు సీటులోంచి కృత్తిక అంది. "నీ చెయ్యి పో అంటాండె, నీ కాలు ఉండు అంటాండె. ఎవరి మాట ఇనల్లమా నేను?"

"చివరికి ఇన్యావు కదా."

"చివరికి కాలు మాటే ఇన్యా."

సోమవారం పొద్దున బండి ఇంటి ముందుకు వచ్చి తలుపు తెరిచింది. కృత్తిక సంచి లోపల పెట్టి, ఎక్కబోయి ఆగింది. తులశమ్మ గడప దాటి వచ్చి వీధిలో నిలబడి ఉంది. ఎదురింటి ఆవిడ, ఏమైందోనని, తన వాకిట్లోకి వచ్చింది.

"పోయొస్తా మా."

"పోయిరా. మలుపులో ఓపిక పట్టు."

తలుపు మూసుకుంది. తులశమ్మ చెయ్యెత్తింది.

బండి కదల్లేదు. కిటికీలోంచి కృత్తిక మొహం కనబడుతోంది. పక్క వీధి బండ్లు కూడా ఆగాయి. ఎవరో తల బయటికి పెట్టి చూశారు. తులశమ్మకు అప్పుడు అర్థమైంది. దగ్గరలో చెయ్యి లేచింది, మనిషి ఆపదలో ఉందని వల బండిని పట్టి ఉంచింది. లోకంలోని దారులన్నీ తెలిసిన ఆ వలకు, ఒక మనిషి మరో మనిషిని సాగనంపడం ఎట్లా ఉంటుందో ఎవరూ నేర్పలేదు.

చెయ్యి ఇట్లాగే ఉంచితే బండి పోదు. మధ్యాహ్నం దాకా ఉంచినా పోదు. ఈసారి అందరికీ కనబడే ఆ చెయ్యే చాలు.

కిటికీ అవతల కృత్తిక నవ్వుతోంది. తన కుడికాలు కిటికీ దాకా ఎత్తి, వేలితో చూపించింది.

తులశమ్మ నవ్వుతూ చెయ్యి దించింది. ఒక అడుగు వెనక్కి వేసింది. బండి కదిలింది.