తీపిరేకు అడగని మాట

కృత్రిమ చేతులు తయారుచేసే కార్ఖానాలో, తన బల్ల దగ్గర, వరహాలు చేయి మళ్ళీ వణికింది. కృత్రిమ వేలికి అతకాల్సిన వెంట్రుకంత తీగ పట్టకారులోంచి జారి బల్ల కింద పడింది. నాలుగు కావడానికి ఇంకా ఐదు నిమిషాలున్నాయి.

ముంజేయి తిప్పి చూసుకుంది. రూపాయి బిళ్ళంత తీపిరేకు మీద ఎనభై ఎనిమిది అని పచ్చగా వెలుగుతోంది. ఒంట్లో చక్కెర నిక్షేపంగా ఉందని దాని తాత్పర్యం. ఇక్కడ కళ్ళు తిరుగుతున్నాయని దానికెవరు చెబుతారు?

అనకాపల్లిలో ఇప్పుడు ఆ రేకు లేని చేయి లేదు. ఒకప్పుడు చక్కెర జబ్బు ఉన్నవాళ్ళే పెట్టుకునేవారట. చర్మం కింద సన్నటి సూదితో అది నిమిషనిమిషానికీ చక్కెర కొలుస్తుంది. అంకె దిగితే ఎర్రబడుతుంది, క్యాంటీన్ నుంచి తిండి దానంతటదే బల్ల దగ్గరికి వస్తుంది. ఆకలితో పడిపోయేవాళ్ళు లేకుండా పోయారు, మంచిదే. దాంతోపాటు "తిన్నావా?" అనే మాటా పోయింది. ఎదుటివాళ్ళ చేతి మీదే జవాబుంటే పనిగట్టుకుని ఎవరడుగుతారు?

రేకు అతికించే జిగురు ఒంటికి పడక వరహాలు ఒక్కతే ఇన్నాళ్ళూ రేకు లేకుండా నెట్టుకొచ్చింది. అందుకే పక్క వరసలో పనిచేసే తవిటినాయుడు రోజూ నాలుగింటికి వచ్చి, "తిన్నావేటి, వరహాలమ్మా?" అని అడిగి బెల్లం ముక్క చేతిలో పెట్టేవాడు. ఆయన భార్య పోయి ఏడేళ్ళు. ఈమెకి ఇంట్లో పలకరించే దిక్కు లేదు. ఆ ఒక్క ప్రశ్న కోసం పొద్దుటినుంచీ కాచుకుని ఉండేది. సరిగ్గా ఆ వేళకే చేయి వణికేది, బెల్లం తింటే తగ్గేది. చివరికి ఆ వణుకు పనికి అడ్డు రావడంతో కార్ఖానా డాక్టరు ఇందుమతి, జబ్బు లేనివాళ్ళకీ చక్కెర పడిపోవచ్చని చెప్పి, కొత్త జిగురుతో రేకు అతికించి పద్నాలుగు రోజులు చూద్దామంది.

ఆ రోజునుంచే నాయుడు అడగడం మానేశాడు. ఆయన తప్పేం లేదు, లోకమంతా చేసేదే చేశాడు. ఇవాళా నాలుగింటికి వచ్చి, అంకె చూసి, "బాగుందిలే" అని తలూపి వెళ్ళిపోయాడు. వరహాలు తానే కొనుక్కున్న బెల్లం నోట్లో వేసుకుంది. వణుకు తగ్గలేదు.

సాయంత్రం ఇందుమతి రేకు కొలిచిన పద్నాలుగు రోజుల అంకెల గీతను తెర మీద పరిచి చూపించింది.

"మూడూ కలవాలమ్మా. వణుకు రావాలి, అప్పుడే అంకె పడిపోవాలి, తీపి తినగానే రెండూ సర్దుకోవాలి. మీ అంకె ఒక్కసారి కూడా డెబ్బై కిందికి దిగలేదు. ఇది చక్కెర వణుకు కాదు."

"మరి అంతకుముందు బెల్లంతో తగ్గిపోయేది కదా, డాక్టరమ్మా?"

"బెల్లంతోనేనా? అప్పుడు ఇంకేమైనా ఉండేదా?"

వరహాలు డాక్టరు ముందున్న కంప్యూటరు పలకకేసి చూసింది. అందులో వణుకుకి గడి ఉంది, తీపికి గడి ఉంది. ఒక మనిషి అడిగే మాటకి గడి లేదు. నలభై ఎనిమిదేళ్ళొచ్చాక ఆ మనిషి కోసం ఇంతగా ఎదురుచూస్తున్నానా అని ఆమెకి సిగ్గేసింది, ఆ వెనకే ఏడుపొచ్చింది.

"రేకు తీసేస్తారా?"

"కొత్త జిగురు మీ ఒంటికి పడింది కదమ్మా, ఇక తీయడానికి లేదు. అందరికీ అదే రూలు."

మర్నాడు నాలుగింటికి వరహాలు ముంజేతికి పమిటచెంగు చుట్టుకుని కూర్చుంది. నాయుడు వచ్చి మెడ సాచి చూశాడు. బల్లకి అటువైపు వెళ్ళి చూశాడు. అంకె కనబడలేదు. చివరికి ఆమె మొహంలోకి చూశాడు.

"తిన్నావేటి, వరహాలమ్మా?"

చెంగు కింద రేకు తొంభై రెండు చూపిస్తోంది.

"లేదు, నాయుడుగారూ," అంది వరహాలు.

ఆయన జేబులోంచి కాగితం పొట్లం తీశాడు. రెండు వారాలనాటి బెల్లం, చెమ్మగిల్లి కాగితానికి అంటుకుపోయింది. దాన్ని విప్పుతుంటే ఆయన చేయీ వణికింది. ఆయన రేకు మీద అంకె మాత్రం నిక్షేపంగా ఉంది.