నూట పదిహేడుకి దాహం

దెయ్యాలు అర్ధరాత్రే వస్తాయని చెప్పినవాళ్ళెవరో గానీ, వాళ్ళకి దెయ్యాల సంగతి ఏమీ తెలీదు. నా దగ్గరికి వచ్చింది ఆదివారం మధ్యాహ్నం రెండింటికి. బయట కళ్ళు చెదిరే ఎండ.

మా పరిశోధనశాల భవనం అడుగున, నేలమాళిగలో ఉంటుంది. కిటికీలు లేవు. దీపం వేస్తేనే పగలు, ఆర్పితే రాత్రి. గోడ పొడుగునా నిలువెత్తు ఫ్రీజర్లు, వాటి గురగుర. ముప్పై ఏళ్ళుగా నాతో మాట్లాడుతున్నవి అవే.

"ఏంటి మేడమ్, ఆదివారం కూడానా? ఇంట్లో పొయ్యి అలిగిందా?" అన్నాడు తలుపు దగ్గర వాచ్‌మన్.

"అలగడానికి నేను దాన్ని పలకరిస్తే కదా! లోపల ఎవరున్నారు?"

"మూడు రోజులు సెలవులు కదండీ. చీమ కూడా లేదు. మీదే రాజ్యం."

రాజ్యమే మరి. పద్దెనిమిదో ఏట అక్కడ గాజుసామాను కడగడానికి చేరాను. యాసిడ్ తగిలి వేళ్ళు పొక్కులెక్కేవి. సాయంత్రం కాలేజీలో చదివాను. కాళ్ళు అడ్డం పెట్టినవాళ్ళని దాటుకుంటూ, నేను తుడిచిన బల్ల ముందే కుర్చీ సంపాదించుకున్నాను. పెళ్ళి, పిల్లలు అనేవి ఆ దారిలో ఎక్కడో జారిపోయాయి. మిగిలింది కుర్చీ ఒక్కటే. దాని మీది మమకారమే నా చేత పాపం చేయించింది. దాచడం దేనికి, చెప్తాను.

మా పని పసిపిల్లలకి వచ్చే చక్కెర జబ్బు మీద. అది తిండి వల్ల వచ్చేది కాదు. ఒంటికి కాపలా కాయాల్సిన కణాలే మతి చెడి, ఇన్సులిన్ తయారుచేసే కణాలని పగవాళ్ళనుకుని చంపేస్తాయి. కంచే చేను మేసినట్టు. అమ్మానాన్నల నుంచి వచ్చే జన్యువుల్లో ఏ జత కూడితే ఆ మతి చెడుతుందనేది మా వెతుకులాట. మామూలు కుటుంబాల నుంచి, తల్లిదండ్రులకీ పిల్లలకీ ఆరునెలలకోసారి రక్తం తీసుకొచ్చి చూస్తాం. జబ్బు బయటపడక ముందే రక్తంలో దాని జాడలు తేలతాయి. ఒకటి తేలితే అనుమానం. మూడు తేలితే జబ్బు ఇవాళ కాకపోతే రేపు వచ్చి తీరుతుంది.

కానీ మాకో నియమం ఉంది. రక్తం గొట్టం మీద పేరుండదు, నంబరే. పేర్ల పుస్తకం ఇనప బీరువాలో ఉంటుంది. "మనం చదువుతాం, చెప్పం. చెప్తే అది వైద్యం అవుతుంది, పరిశోధన కాదు" అనేవాడు మా డైరెక్టరు. బీరువా తాళం చెవి ఒకటి ఆయన దగ్గర, ఒకటి నా దగ్గర. నేనెప్పుడూ తీయలేదు.

రెండేళ్ళ క్రితం నూట పదిహేడుకి మూడు జాడలూ తేలాయి. ఆడపిల్ల, ఎనిమిదేళ్ళు అని కాగితం మీద ఉంది. తాళం చెవి మెడలోనే ఉంది. తీస్తే కుర్చీ పోతుంది. నంబరు రాసి పుస్తకం మూశాను. ఆరు నెలలకి రక్తం తెచ్చే నర్సు ఖాళీ గొట్టం బల్ల మీద పెట్టింది.

"ఆ పాప పోయిందండీ. ఎండాకాలం కదా, దాహం మామూలే అనుకున్నారట. బాత్‌రూమ్‌లో పాప ఒంటికి పోసిన చోటల్లా చీమలు పట్టేవట, అదీ పట్టించుకోలేదు. వాంతులు అవుతుంటే గ్లూకోజ్ ఎక్కించారట."

చక్కెర జబ్బు పిల్లకి గ్లూకోజ్! సమయానికి ఇన్సులిన్ సూదులు పడుంటే బతికేది. ఆ రోజు మధ్యాహ్నం నేను అన్నం తిన్నాను. అది కూడా చెప్పాలి. తిన్నాను.

ఆ ఆదివారం నేను వచ్చింది, శుక్రవారం మొదలుపెట్టిన పరీక్షల ఫలితాలు చూడటానికి. వరసగా చూసుకుంటూ నూట పద్దెనిమిది దగ్గర ఆగాను. ఒక కుటుంబానికి వరస నంబర్లే ఇస్తాం. ఆ పిల్ల తమ్ముడు. ఐదేళ్ళు. ఒక జాడ... రెండు... మూడు.

కలం తీసి నంబరు రాశాను. అలవాటు.

అప్పుడు వినిపించింది.

గుడుక్... గుడుక్...

మూలనున్న మంచినీళ్ళ డబ్బాలో ఒక బుడగ పైకి లేచింది. ఇంకొకటి. కుళాయి కింద నేల తడవలేదు. అయినా నీళ్ళు కిందికి దిగుతున్నాయి. ఎవరో ఊపిరి తీసుకోకుండా తాగుతున్నారు. గొంతు దిగుతున్న చప్పుడు స్పష్టంగా... చిన్న గొంతు.

"ఎవరది?"

ఫ్రీజర్ల గురగుర ఆగింది. అన్నీ ఒక్కసారే. ముప్పై ఏళ్ళలో నేను వినని నిశ్శబ్దం అది. దీపాలు మాత్రం వెలుగుతున్నాయి. దీపాలు ఆరిపోతే బాగుండుననిపించింది.

వాసన వచ్చింది. బాగా మగ్గి కుళ్ళబోతున్న పండు వాసన. ఆ వాసన నాకు పుస్తకాల్లో తెలుసు. ఒంట్లో ఇన్సులిన్ బొత్తిగా లేని పిల్లల ఊపిరి అలా ఉంటుందని రాస్తారు. అది నా మెడ వెనక వెచ్చగా తగిలింది...

తిరగలేదు. తిరగలేకపోయాను. కళ్ళు నేలకి దించాను.

తడి అడుగులు. నా అరచేయంత ఉన్నాయి. డబ్బా దగ్గర మొదలై బల్ల చుట్టూ తిరిగి వెళ్ళాయి. ఏడు తలుపుల వెనక, మందు నీళ్ళతో రోజూ కడిగే ఆ నేల మీద, ఒక్కొక్క అడుగు అంచునా చీమలు ముసురుతున్నాయి. వందలు... వేలు. అడుగుల వెంటే బారు కట్టి ఇనప బీరువా దాకా పోయి, తాళం కన్నంలోకి దూరుతున్నాయి.

"ఎవరమ్మా నువ్వు?" అన్నాను.

జవాబు నా మోచేతి దగ్గర నుంచి వచ్చింది. నెమ్మదిగా, బడిలో హాజరు పలికినట్టు.

"నూట పదిహేడు."

పేరు చెప్పలేదు. నాకు తెలిసింది ఆ నంబరొక్కటే కదా.

"ఏం కావాలి?"

"దాహం..."

"తాగావు కదమ్మా..."

"నాకు కాదు."

ఎలా లేచానో తెలీదు. చీమలని చేత్తో తుడిచి తాళం తీశాను. మోచేతి దాకా పాకాయి. ఒక్కటీ కుట్టలేదు. పుస్తకం తెరిచి ఆ కుటుంబం ఫోన్ నంబరు పట్టుకున్నాను. అక్కడే ఆ పిల్ల పేరు కూడా చదివాను. రెండేళ్ళు ఆలస్యంగా.

తల్లి ఎత్తింది.

"అమ్మా, మీరు రక్తం ఇచ్చే చోటు నుంచి మాట్లాడుతున్నాను. బాబుకి దాహం ఎక్కువగా ఉందా?"

"నిన్నటి నుంచి ఆగకుండా తాగుతున్నాడు. ఇప్పుడే వాంతి అయింది. మీకెలా..."

"వెంటనే పెద్దాసుపత్రికి తీసుకెళ్ళండి. ముందు రక్తంలో చక్కెర చూడమనండి. చూడకుండా గ్లూకోజ్ ఎక్కించనివ్వద్దు. కాళ్ళు పట్టుకునైనా ఆపండి."

"మేడమ్..." ఆవిడ గొంతు మారింది. "పాప సంగతి కూడా మీకు ముందే తెలుసా?"

అబద్ధం చెప్పొచ్చు. నాలుక చివరిదాకా వచ్చింది. మెడ వెనక ఊపిరి ఇంకా వెచ్చగానే ఉంది.

"తెలుసు."

ఫోన్ పెట్టేసింది. ఫ్రీజర్లు అన్నీ ఒక్కసారే మళ్ళీ మొదలయ్యాయి. నేల పొడిగా ఉంది. డబ్బా మాత్రం ఖాళీ.

పిల్లాడు బతికాడు. రోజూ సూదులు వేసుకుంటున్నాడు, బడికి పోతున్నాడు. నా మీద విచారణ జరిగింది. "నియమం తప్పారు" అన్నాడు డైరెక్టరు. "తప్పాను. రెండేళ్ళ ముందు తప్పాల్సింది. మీ నియమం ఒక పిల్లని మింగింది, నేను పక్కన కూర్చుని చూశాను" అన్నాను. కుర్చీ పోయింది. పోతే పోనీ. ఎవరిని కాపాడటానికి పెట్టారో వాళ్ళనే చంపే నియమం ఉంటే ఎంత, లేకపోతే ఎంత?

ఇక్కడితో అయిపోతే నేను నిద్రపోయేదాన్ని.

వెళ్ళిపోయే ముందు వారం, నా పేరున ఉన్న ఫ్రీజరు అప్పగించడానికి సరుకు సరిచూస్తున్నాను. సున్నాకి ఎనభై డిగ్రీలు కింద. మందపాటి తొడుగులు లేకపోతే వేళ్ళు ఊడొస్తాయి. ఆ కుటుంబం గొట్టాల వరసలో ఒకటి ఎక్కువ ఉంది. చీటీ లేదు, నంబరు లేదు. చుట్టూ మంచు పేరుకుంది, దాని మీద లేదు. తొడుగు తీసి వేలితో తాకాను.

వెచ్చగా ఉంది. లోపల రక్తం కదిలింది.

ఎవరికీ చెప్పకుండా నేనే పరీక్ష పెట్టాను. నాలుగు రోజులు పట్టింది. జన్యువులు సగం ఆ తల్లివి, సగం ఆ తండ్రివి. అక్కది కాదు, తమ్ముడిది కాదు. వాళ్ళిద్దరి కడుపున పుట్టిన ఇంకొకరిది. ఆ చెడ్డ జత అందులోనూ ఉంది. నర్సుని అడిగితే, "వాళ్ళకి ఇద్దరేనండీ, ఒకరు పోయారు కదా" అంది.

నిన్న సాయంత్రం ఆ తల్లి ఫోన్ చేసింది. ఆ ఆదివారం తరవాత ఆవిడ గొంతు వినడం అదే మొదలు.

"మీతో జన్మలో మాట్లాడకూడదనుకున్నాను. కానీ ముందు మీకే చెప్పాలనిపించింది. నెల తప్పాను. ఐదు వారాలు దాటిందట, డాక్టరు ఇవాళే చెప్పింది. ఆడపిల్లయితే బాగుండునని ఉంది." నవ్వింది. ఏడ్చింది. "ఈసారి ఏదున్నా చెప్తారు కదా?"

నేను పరీక్ష చేసి రెండు నెలలైంది. అప్పటికి ఆ బిడ్డ ఏ కడుపులోనూ లేదు. ఆ రక్తం ఎవరు తీశారు? ఏ చేతి నుంచి తీశారు?

ఆ గొట్టం ఇప్పుడు నా దగ్గరే, ఇంట్లో ఉంది. ఒక చేత్తో ఫోన్ పట్టుకునే, రెండో చేత్తో దాన్ని తీశాను. ఇంకా వెచ్చగానే ఉంది. వేలి కింద, చాలా మెల్లగా, కొట్టుకుంటోంది.