తువ్వాలేసిన సీటు

ప్యాసింజరు బండిలో సీటు మీద తువ్వాలేసుందంటే ఆ సీటు ఒకరిదైపోయిందనే లెక్క. ప్లాట్‌ఫారం మీద నిలబడి కిటికీలోంచి తువ్వాలు ఇసిరేస్తే సాలు, తర్వాత తీరిగ్గా తోసుకుంటా ఎక్కొచ్చు. ఎంత తాగుబోతోడైనా దాని మీద కూకోడు. ఆ మనిషి ఒచ్చి కూకున్నాకే తువ్వాలు లేస్తాది. ఇది ఒకరు నేర్పక్కర్లేదు. మా ఆయన బతికున్నప్పుడు ఈ పనికి మాత్రం బాగా పనికొచ్చేవోడు. సంపాదనలో ఎనకబడ్డాడు గానీ, తువ్వాలు ఇసరడంలో ఆయన్ని మించినోడు లేడు.

నాకు పెద్ద సదువు లేదు. జరిగింది జరిగినట్టు సెప్తాను.

నాను, మా తోడికోడలు అప్పలలక్ష్మి, నర్సీపట్నంలో ఒకే జీడిపప్పు బట్టీలో పని సేస్తన్నాం. పక్కపక్కన గోనెపట్టాలేసుకుని పొద్దస్తమానం పప్పుకి పొట్టు తీస్తాం. ఆవిడ మా మరిది సింగన్న పెళ్ళాం. నాకంటే సిన్నది. మొన్న ఎండాకాలంలో దానికి గర్భసంచి తీసేసేరు. అప్పట్నుంచి కాసేపు నిలబడిందంటే నడుం పట్టేస్తాది, కళ్ళు తిరుగుతాయి.

కార్తీకంలో బట్టీలో బాయిలరు పాడైపోయి పని ఆపేసేరు. ఇంట్లో కూకుని ఏటి సేస్తాం, రాజమండ్రి సూసొద్దాం అక్కా అని మొదలెట్టింది అప్పలలక్ష్మి. ఫోన్లో గోదారి వీడియోలు సూసి సూసి దానికా పిచ్చి పట్టుకుంది. రాజులేలిన ఊరంట, పాత గుళ్ళంట, పాత వంతెనంట, పొద్దున్న బండికెల్లి రాత్రి బండికి ఒచ్చేయొచ్చంట. నాకైతే ఆ రోజంతా తలుపేసుకుని పడుకోవాలనుంది. ఇన్నేళ్ళ అలుపు ఒక్క రోజులో తీరదు గానీ, తీరుతాదేమోనని ఆశ. అయినా ఆపరేషను అయినకాడ్నుంచి ఆ మనిషి ఇది కావాలని నోరు తెరిచి అడగడం అదే మొదలు. సరే పద అన్నాను.

సింగన్న ఆటో దాకా ఒచ్చేడు. పెళ్ళాంతో ఏటీ మాట్లాడలేదు. నాతో మాత్రం ఒకటే మాటన్నాడు.

"వదినా, దీన్ని నిలబెట్టి తేకు. కూకోబెట్టి తే."

నీ పెళ్ళాన్ని పొద్దున్న తీసుకెల్లినట్టే తెచ్చి నీ గుమ్మంలో దింపుతాను, పోయి టీ తాగు అన్నాను.

మా ఊరి పేరుతో టేషనుంది గానీ అది ఊరికి బోలెడు దూరం. ఆటోలో ఎగిరెగిరి పడతా ఎల్లి, నర్సీపట్నం రోడ్డులో బండెక్కేం. ఎల్లేటప్పుడు జనం లేరు. ఇద్దరం కాళ్ళు సాపుకుని కూకున్నాం.

రాజమండ్రిలో కోటగుమ్మం అనే సోటుంది. పేరు ఇని కోట ఉంటాదనుకుని ఎల్లేం. కోటా లేదు, గుమ్మమూ లేదు. బట్టల కొట్లూ, హారన్లూ. ఇంతోటి దానికి ఇంత దూరం ఒచ్చేమా అన్నాను. అప్పలలక్ష్మి నవ్వింది. మ్యూజియంలో కత్తులు, కుండలు, రాతి బొమ్మలు సూసేం. ముక్కు ఇరిగిపోయిన ఒక బొమ్మని సూపెట్టి, "మూతి తిప్పడం సూడక్కా, అచ్చం మన అత్తే" అంది. అది నవ్వతా ఉంటే నాకూ కాస్త ఓపికొచ్చినట్టయింది.

మజ్జాన్నానికి ఆ ఓపికా అయిపోయింది. గోదారి రేవులోకి దిగేం. ఎండ మాడ్చేస్తంది. మెట్ల మీద గోడ నీడ పడిన సోటు ఒక్కటే ఉంది. అక్కడ మడతెట్టిన తెల్ల సొక్కా, దాని మీద ఒక జత సెప్పులు పెట్టున్నాయి. ఎవడో స్నానానికి దిగేడు. నానే ఆ సొక్కా, సెప్పులు తీసి ఎండలోకి జరిపేసి, అప్పలలక్ష్మిని నీడలో కూకోబెట్టేను. ఆవ పెట్టిన పులిహోర తెచ్చుకున్నాం. తిన్నాం. కాసేపు గోడకానుకుని కునికేం.

లేచేసరికి ఆ సొక్కా అక్కడే ఉంది. నీళ్ళలో ఎవరూ లేరు. దీపాల దొన్నెలమ్ముకునే ఆవిడ్ని అడిగితే, పొద్దున్నించీ ఉన్నాయండి, ఎవరివో తెలీదండి అంది. సొక్కా ఉంది, సెప్పులున్నాయి, తుడుసుకోడానికి తువ్వాలేది అని అప్పలలక్ష్మి అడిగింది. తువ్వాలు సుట్టుకుని దిగుంటాడులే, మనకెందుకు పద అన్నాను.

సాయంత్రం టేషను నిండా జనం. బండి ఆగడం ఆలిస్యం, తేనెటీగల్లాగ ముసిరేసేరు. అప్పలలక్ష్మిని ముందు తోసి ఎనకాల నాను ఎక్కేను. లోపల ఒకరి ఊపిరి ఒకరు పీలుస్తన్నారు. సెమట కంపు, పల్లీల కంపు. ఎక్కడా సూదిమొన సోటు లేదు.

ఒక్క సీటు తప్ప.

కిటికీ పక్కన. ఎర్ర గళ్ళ తువ్వాలేసుంది. అంత జనంలో దాని సుట్టూ మాత్రం కాస్త ఖాళీ ఒగ్గేసి నిలబడ్డారు. ఒచ్చేవోడు ఒస్తాడులే అనుకున్నాం. బండి కదిలింది. రాలేదు. ద్వారపూడి ఎల్లిపోయింది. అప్పటికీ రాలేదు. అప్పలలక్ష్మి మొహం పసుపు పచ్చగా అయిపోయింది. పెదాలు ఆరిపోయేయి.

"అక్కా... కళ్ళు తిరుగుతున్నాయి."

సింగన్న అన్న మాట సెవిలో ఉంది. ఇంకేటీ ఆలోసించలేదు. తువ్వాలు పట్టుకుని లాగేసేను.

తడిగా ఉంది.

మామూలు తడి కాదు. అప్పుడే నీళ్ళలోంచి తీసినట్టు బరువుగా, సేతులు కొంకర్లు పోయేలాగ సల్లగా ఉంది. గోదారి అడుగు బురద వాసన. ఏళ్ళ మధ్య ఇసక తగిలింది. కింద సీటు మాత్రం పొడిగా ఉంది. తువ్వాలు తీసుకెల్లి పైన సామాన్ల బల్ల మీద పడేసి, అప్పలలక్ష్మిని కూకోబెట్టేను.

ఎదర సీట్లో ఒక ముసలాయన. సేతిలో గుడ్డసంచి. నా వేపు సూడకుండా మెల్లిగా అన్నాడు.

"తీయకుండా ఉండాల్సిందమ్మా."

ఆ మనిషొస్తే లేపి ఇచ్చేస్తాం లెండి అన్నాను. అనపర్తి ఇంకా రాకుండానే లేచి, జనంలో నలుగుతా గుమ్మం దగ్గరకెల్లి నిలబడ్డాడు. ఆయన సీట్లో నాను కూకున్నాను. కాళ్ళు లాగేస్తన్నాయి. సీటు దొరికిందన్న సంతోషంలో ఇంకేటీ అడగలేదు.

పొలాల మీద సీకటి పడింది. కిటికీలోంచి సల్లగాలి. అప్పలలక్ష్మి కిటికీకి తలానించి నిద్దరపోయింది. అమ్మయ్య అనుకున్నాను. నాకూ కళ్ళు మూతపడ్డాయి.

సామర్లకోటలో బండి కుదుపుకి మెలకువొచ్చింది. అప్పలలక్ష్మి కిటికీ దగ్గర లేదు. కాస్త ఇవతలకి జరిగి కూకునుంది. గాలి పడలేదేమో అనుకున్నాను. పిఠాపురం దాటేసరికి ఇంకాస్త జరిగింది. అన్నవరం ఒచ్చేసరికి పక్కనున్న ఆవిడ మీద పడిపోయేలాగ అయింది. ఆ ఆవిడ ఇసుక్కుని లేచెల్లిపోయింది. అప్పలలక్ష్మి బల్ల సివర ఒక మూల మీద, సగం గాల్లో కూకునుంది. దానికీ కిటికీకీ మధ్య ఒక మనిషి పట్టేంత ఖాళీ.

అన్నవరంలో ఇంకా జనం ఎక్కేరు. ఒకావిడ మూటతో ఒచ్చి ఆ ఖాళీలో కూకోబోయింది. సగం ఒంగింది. ఒంగినావిడ అలాగే ఆగి, మూట సంకనెట్టుకుని అవతలకెల్లిపోయింది. మళ్ళీ ఎవరూ రాలేదు.

నీలం రెక్సిన్ సీటు. సూసేను. ఆ ఖాళీలో రెక్సిన్ కిందికి కుంగుంది. ఎవరో కూకున్నట్టు.

ముందుకొంగి గుసగుసగా అడిగేను.

"లచ్చిమీ, ఎందుకే అలా జరిగిపోతన్నావు?"

"సర్దుకోమంటన్నాడక్కా."

"ఎవరే?"

అది నా మొహంలోకి సూసింది. అడక్కు అన్నట్టు సూసింది. దాని సీర కుచ్చిళ్ళు ఒక పక్కంతా తడిసిపోయున్నాయి. తల పైకెత్తి సామాన్ల బల్ల వేపు సూసేను. తువ్వాలు లేదు. నీళ్ళ సుక్కలు కూడా లేవు. బురద వాసన మాత్రం ఇక్కడ... మోకాళ్ళ దగ్గర...

"ఏటంటన్నాడు?"

"ఏటీ అనట్లేదు..." తడి కుచ్చిళ్ళు దగ్గరికి లాక్కుంది. "సల్లగా ఉన్నాడక్కా."

నాకు దేవుడి పేరు కూడా గుర్తు రాలేదు. తొందరగా మన టేషను రావాలి. అదొక్కటే. దీన్ని దింపేయాలి, ఆటో ఎక్కించాలి, సింగన్న గుమ్మంలో ఒదిలేయాలి. తుని ఎల్లింది. గుల్లిపాడు ఎల్లింది. బండి నెమ్మదైంది. నర్సీపట్నం రోడ్డులో బండి ఎక్కువసేపు ఆగదు. సంచి భుజానేసుకుని లేచేను.

"లే లచ్చిమీ. ఒచ్చేసేం."

లేవలేదు. సెయ్యి పట్టుకుని లాగేను. కదల్లేదు. అప్పుడు సూసేను... దాని పైటకొంగు. ఆ ఖాళీ సీటు మీద పరుసుకునుంది. మన కొంగు మీద ఎవరన్నా సూసుకోకుండా కూకుంటే ఎలా బిగిసిపోతాదో, అలా బిగిసుంది. కొంగు పట్టుకుని లాగేను. రాలేదు. రెండు సేతులా లాగేను. రాలేదు.

బండి ఆగింది. జనం దిగుతున్నారు.

"నువ్వు దిగిపో అక్కా." సేలా మెల్లిగా అంది. ఏడుపు కూడా లేదు దాని గొంతులో. అలుపొక్కటే ఉంది. "అడక్కుండా ఆయన సోట్లో కూకున్నాం కదా. రెండుసార్లు కూకున్నాం."

బండి కూతేసింది. కదిలింది.

నాను సంచి వొదిలేసేను. దాని నడుం సుట్టూ సేతులేసి, ఆపరేషను కుట్లు ఏటైనా కానీ అని, బియ్యం బస్తా లాగినట్టు లాగేను. సర్రుమని సీర సిరిగింది. ఆ సప్పుడుకి అందరూ ఇటు తిరిగేరు. ఆ ఖాళీ వేపు మాత్రం ఒక్కరూ సూడలేదు. గుమ్మం దగ్గర ఎవరో సెయ్యందిచ్చేరు. ఇద్దరం ప్లాట్‌ఫారం మీద పడ్డాం.

బండి మా పక్కనుంచి పోతంది. ఆ కిటికీ ఒచ్చింది. నాను తల తిప్పేసుకున్నాను. అప్పలలక్ష్మి తిప్పుకోలేదు. దాన్ని సూస్తానే ఉంది. కిటికీ మమ్మల్ని దాటేటప్పుడు తలూపింది. ఎవరో ఏదో అడిగితే సరే అన్నట్టు.

సిరిగిపోయిన సీర మీద నా కొంగు కప్పి ఆటో ఎక్కించేను. దారంతా గట్టిగా పట్టుకునే ఉన్నాను. ఇంటి ముందు సింగన్న నిలబడున్నాడు. పెళ్ళాన్ని సేతుల్లో పెట్టేను. సీర ఏటైందని అడిగితే, తలుపులో పడి సిరిగిందన్నాను.

"కూకోబెట్టే తెచ్చేవా వదినా?"

"కూకోబెట్టే తెచ్చేను."

అంతకంటే ఏటి సెప్పను.

దానికి జొరం రాలేదు, కలవరింతలు రాలేదు. అన్నం తింది, నిద్దరోయింది. బాయిలరు బాగయ్యిందని కబురొచ్చింది. పనిలోకి ఎల్లిన రోజు నాకు కాస్త ఆలిస్యమైంది. నాను ఎల్లేసరికి అప్పలలక్ష్మి ముందే ఒచ్చి పొట్టు తీస్తంది. దాని పక్కన నా గోనెపట్టా. దాని మీద ఒక గుడ్డ పరిసుంది.

నీలం గుడ్డ, పసుపు అంచు. ఒక పక్క సిరిగిపోయి పీలికలు. బండిలో ఉండిపోయిన పైటకొంగు అది. నీళ్ళోడతా ఉంది.

"ఏటే ఇది?" అన్నాను.

అది తలెత్తలేదు. ఏళ్ళు పప్పు మీద ఆడతానే ఉన్నాయి.

"అక్కడ కూకోకక్కా. సోటు ఆపేను."

ఎవరికని నాను అడగలేదు. ఎదర వరసలో గచ్చు మీద కూకున్నాను. మా మేస్త్రి బేబి ఒచ్చి, పప్పు దగ్గర తడేటి, పప్పు బూజెట్టేయదా అని తిట్టింది. గచ్చు తుడిపించింది. గుడ్డ మాత్రం తీయమనలేదు. దానికి కాళ్ళు కూడా తగలకుండా పక్కనుంచి తిరిగి ఎల్లిపోయింది. ఆ రోజూ, తర్వాత రోజులూ ఎవరూ అక్కడ కూకోలేదు. ఆ గుడ్డా ఆరలేదు.

సింగన్నకి సెప్పాలి. ఎలా సెప్పాలో తెలీక అలిసిపోయేను.

ఈ పొద్దున్న ఎల్లేను. నా గోనెపట్టా మీద గుడ్డ లేదు. అప్పలలక్ష్మి దాన్ని సక్కగా మడతెట్టి ఒళ్ళో పెట్టుకుంది.

అది మాత్రం, బండిలో జరిగినట్టే, గోడ వారకి సర్దుకుని కూకునుంది.