వణకని చేతుల పట్నం

"చెయ్యి ఇలా పెట్టు నాయనా," అంది శోధకురాలు సత్యవేణి.

లక్షణపీఠం మీద అరచెయ్యి మోపినవాడు ఏసుపాదం. సముద్రగర్భపు పట్నంలో గొట్టాలు అతికే పనివాడు. పీఠం అతని చెమటనూ, నాడినీ, కనుపాపనూ చదివి ఈసారీ ఎర్రబడింది. ఎరుపు అంటే వ్యసనం.

వెనక వరుసలో నిలబడ్డ గవరయ్య నవ్వాడు. "ఏరా పాదం, అంత మంచి సరుకు ఎక్కడ దొరుకుతుందో మాకూ చెప్పరాదూ?"

"నీ ముక్కు కిందే ఉంది బావా."

సత్యవేణికి ఏదో పొసగలేదు. చేతుల వణుకు, చిరాకు, తిండి సహించకపోవడం, నలుగురిలోంచి తప్పుకోవడం: తాను కొత్త శోధకులకు నేర్పిన వ్యసన లక్షణాలన్నీ ఇతనిలో ఉన్నాయి. అయినా పొద్దుటినుంచీ తన కళ్లలోకి చూసి మాట్లాడినవాడు ఇతనొక్కడే.

"ఏం వాడుతున్నావు?"

"వాడటం మానేశానమ్మా. పూటపూటకీ పైకప్పు గొట్టంలోంచి వదులుతారే, నెమ్మదావిరి, అదే. అది దిగేటప్పుడు ముక్కుమీద తడిగుడ్డ కప్పుకుంటున్నాను."

"అది మందు కాదు. మనం పీల్చే గాలిలో భాగం."

"అయితే ఒక్క పూట మీరూ మాని చూడండి."

సాయంత్రపు పరీక్షలోనూ ఎరుపే వస్తే అతన్ని శుద్ధిశాలకు పంపాలి. అక్కడినుంచి తిరిగివచ్చినవారు మెత్తగా నవ్వేవారు. కన్నబిడ్డల పేర్లకు మాత్రం తడుముకునేవారు.

మధ్యాహ్నం పైకప్పు గొట్టం బుసకొట్టింది. తీర్థం పుచ్చుకుంటున్నంత భక్తితో అందరూ ముఖాలెత్తారు. సత్యవేణి పైటచెంగు తడిపి ముక్కుకు అడ్డం పెట్టుకుంది. ఒక్క పూటకే ఏమవుతుందనుకుంది.

పొద్దువాలేసరికి ముద్ద గొంతు దిగలేదు. పలకరించిన గవరయ్యను కసిరింది. మనసంతా ఆ గొట్టం చుట్టూనే తిరిగింది. ఇప్పుడు వచ్చింది జబ్బా, ఇన్నాళ్లూ ఉన్నది జబ్బా? ఎంత ఆలోచించినా తెగలేదు.

ఎరుపు పడినవాడిని తిరిగి పరీక్షించే ముందు పీఠాన్ని శోధకురాలి చేతితో సరిచేయాలి. ఆరోగ్యానికి ఆమె దేహమే కొలమానం. ఆవిరి పీల్చాకే ఆమె చెయ్యి పెట్టాలన్నది నిబంధన. ఎందుకని ఎవరూ అడగలేదు. చదువుకున్న మనిషి అడగవలసిన మొదటి ప్రశ్న అదే, సత్యవేణీ అడగలేదు.

"ఒంట్లో బాగాలేనట్టుందమ్మా," అన్నాడు గవరయ్య జాలిగా. "ఒక్క గుక్క పీల్చి రండి, తేరుకుంటారు."

"వద్దు."

వణుకుతున్న అరచేతిని ఆమె పీఠం మీద మోపింది. పీఠం చాలాసేపు చదివింది; చివరికి ఆ వణుకునే ఆరోగ్యమని స్వీకరించింది. ఏసుపాదం చెయ్యి పెట్టగానే పచ్చబడింది.

తరువాత గవరయ్య వచ్చాడు. అతని చెయ్యి రాయిలా నిశ్చలంగా ఉంది. పీఠం ఎర్రబడింది. అతను చేతిని తిప్పి చూసుకున్నాడు, మళ్లీ పెట్టాడు. ఎరుపే.

అతని వెనక పట్నమంతా వరుసలో నిలబడి ఉంది.